మా బావ విప్పి కట్టిన రిమోట్

మా బావ సమ్మన్న చేతికి ఏ వస్తువిచ్చినా ముందు దాన్ని బోర్లించి చూస్తాడు, మరలు ఎక్కడున్నాయా అని. పెళ్లిచూపులకు మా ఇంటికి వచ్చిన రోజు కూడా మా రాజక్కను చూసింది తక్కువ, అల్మారాలో గరగరమంటున్న మా రేడియోను చూసింది ఎక్కువ. "పిల్ల నచ్చిందా బిడ్డా?" అని మా నాయన అడిగితే, "దాంట్ల వైరు లూజున్నది మామా, పేచ్‌కస్ ఉంటె ఇయ్యుండ్రి" అన్నాడు. పేచ్‌కస్ అంటే స్క్రూడ్రైవర్. ఇచ్చాం. రేడియో బాగైంది, పెళ్లి కుదిరింది. నలుగురి ముందు మా అక్క పరువు తీశాడని నాకు ఆరోజు పట్టుకున్న కోపం చాలా ఏళ్లు పోలేదు. బామ్మర్దిని కదా, బావ మీద కోపం నాకు పుట్టుకతో వచ్చిన హక్కు.

ఆయన మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గర లాల్‌పేట్ గనిలో ఎలక్ట్రీషియన్. గనిలో ఏటవాలుగా దిగే దారి మీద బొగ్గు నిండిన టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే ఇంజన్ ఉంటుంది, దాన్ని హాలేజీ అంటారు. దాని స్విచ్చులు, గంటలు, బ్రేకులు ఆయన పని. నేను మాజ్రి జంక్షన్‌లో రైల్వే పాయింట్స్‌మన్‌ను. సెలవు రోజున ఇద్దరం కలిస్తే ఇనుము, తాడు, లీవరు, ఇవే ముచ్చట్లు. "ఇనుప మొకాలు ఒక్కకాడ కూడినయ్" అని మా అక్క విసుక్కునేది.

బావకు ఒక పట్టుదల ఉండేది. మనిషి చెయ్యి తీస్తే యంత్రం ఆగిపోవాలి. కుర్రతనంలో ఆయన పని నేర్చుకున్న ఇంకో గనిలో, ఇంజన్ నడిపే మనిషి కూర్చున్నచోటే స్పృహ తప్పాడట. హ్యాండిల్ నడిచేవైపే ఉండిపోయింది. టబ్బులు పైకి వచ్చీ ఆగలేదు. పైన నిలబడ్డ కూలీని చాపలో చుట్టి తీసుకుపోయారు. ఆ తర్వాత ఆయన చేతి కింద ఏ హ్యాండిల్ ఉన్నా దానికి స్ప్రింగు పడాల్సిందే. ఇంట్లో మిక్సీకి కూడా పెట్టాడు. నొక్కి పట్టుకుంటేనే తిరుగుతుంది. "పల్లిచట్నీ అయ్యేదాంక బొటనేలు పెట్టుకొని నిలబడాల్నా నేను? ఇది ఇల్లా, బాయా?" అని మా అక్క అరిచేది. బాయి అంటే మా దగ్గర గనే. ఆయన నవ్వి ఊరుకునేవాడు కానీ స్ప్రింగు తీయలేదు.

వాళ్లకు ఒక్కడే కొడుకు, మల్లేష్. నడక ఆలస్యంగా వచ్చింది, వచ్చాక మునివేళ్ల మీద నడిచేవాడు. పిక్కలు మాత్రం గట్టిగా, బలిసి ఉండేవి. "చూడుండ్రి, పహిల్వాన్ అయితడు వీడు" అని నేనే అందరికీ చూపించేవాణ్ణి. తర్వాత తెలిసింది, ఆ పిక్కల్లో ఉన్నది బలం కాదు, జబ్బు. మేం ఇంటిల్లిపాదీ జబ్బును చూసి మురిసిపోయాం. ఇప్పటికీ ఎవరి పిల్లవాడి పిక్కలైనా చూసి ఎవరైనా ముచ్చటపడితే నేను అక్కడ నిలబడను.

బడికి వెళ్లే వయసులో ఊరికే పడిపోయేవాడు. లేవాలంటే నేల మీద చేతులు ఆనించి, తర్వాత మోకాళ్ల మీద ఆనించి, తన ఒళ్లే తాను ఎక్కుతున్నట్టు లేచేవాడు. నాగపూర్‌లో పెద్ద డాక్టరుకు చూపించాం. కండలు కరిగిపోయే జబ్బు, కాళ్లతో మొదలై చేతులకు, అక్కడినుంచి గుండెకూ ఊపిరికీ వస్తుంది, మందు లేదు అని ఆయన హిందీలో నెమ్మదిగా చెప్పాడు. బావ అంతా విని, "ఇందులో మార్చదగ్గ భాగం ఏదైనా ఉందా సార్" అని అడిగాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. వచ్చేటప్పుడు బస్సులో మా అక్క ఏడుస్తూనే ఉంది. బావ ముందు సీటు కమ్మీకి వదులైన బోల్టును వేళ్లతో బిగిస్తూ కూర్చున్నాడు. నాకు ఆ క్షణాన ఆయన్ని కొట్టాలనిపించింది.

ఇక చుట్టాలు మొదలుపెట్టారు. తల్లి వైపు నుంచి వచ్చే జబ్బట, వీళ్ల ఇంటి రక్తమే అంత అట. నోరున్న ప్రతివాడూ డాక్టరే. ఒకడు పిట్ట నూనె అంటాడు, ఒకతి మహాకాళి జాతరలో పొర్లుదండాలు అంటుంది. మా అక్క అన్నీ చేసింది. నూనె రాసింది, పొర్లింది, మొక్కింది. వాడు మాత్రం బడి మెట్లు ఎక్కలేకపోయిన ఏడాది బడి మానేశాడు, అడుగు వేయలేకపోయిన ఏడాది చక్రాల కుర్చీలో కూర్చున్నాడు.

అవి దేశంలోకి అన్నీ కొత్తగా వస్తున్న రోజులు. చంద్రపూర్‌లో సందుకో కంప్యూటర్ క్లాసు బోర్డు, టీవీలో లెక్కలేనన్ని చానళ్లు, బండ్ల షోరూములు. పేపరు తిరగేస్తే దేశం పరుగెడుతోందని రాసేవారు. మావాడు కిటికీ దగ్గర కూర్చుని బొగ్గు లారీల రంగులు లెక్కపెట్టేవాడు.

విమానాల పిచ్చి వాడికి చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్‌లో అంటుకుంది. అక్కడి కరెంటు కంపెనీ కాలనీలో రామమోహనరావు గారని కృష్ణా జిల్లా ఇంజనీరు ఉండేవారు. బావకు ఏదో మోటారు రిపేరులో పరిచయం. ఆదివారాలు ఖాళీ మైదానంలో రేడియోతో నడిచే చిన్న విమానం ఎగరేయడం ఆయన సరదా. ఒకసారి బావ మల్లేష్‌ను ఆటోలో తీసుకుపోయాడు. ఆ విమానం తూనీగలా గుంయ్‌మని వాడి నెత్తి మీదుగా పోయింది. వాడు ఇంటికి వచ్చి అన్నం తినలేదు. దాని సంగతే చెప్పాడు, చెప్పిందే చెప్పాడు. ఎప్పుడూ ఏదీ అడగని పిల్లవాడు ఆరోజు అడిగాడు.

"బాపూ, నేను గుడ నడుపొచ్చా దాన్ని?"

అసలు విమానం వాడి చేతికివ్వడం అయ్యే పని కాదు. దాన్ని నడిపే రేడియో పెట్టె బరువు, మెడకు తగిలించుకుని నిలబడాలి, ఒక్క తప్పు చేస్తే విమానం ముక్కలు. రావు గారు మంచి మనిషి. వాళ్లింట్లో కొత్త కంప్యూటర్ వచ్చింది, పాతది మూలన పడింది. అందులో విమానం ఎగరేయడం నేర్చుకునే ఆట ఒకటి ఉండేది. దానికి అచ్చం అసలు రేడియో లాంటిదే ఒక రిమోట్. మధ్యలో వేళ్లతో అటూఇటూ తోసే రెండు పుల్లలు, పైన భుజాల దగ్గర స్విచ్చులు. తెర మీద విమానం, చేతిలో రిమోట్, పడినా ముక్కలయ్యేది ఏమీ లేదు. "మా ఇంట్లో దుమ్ము పడుతోందండీ, మీ వాడికి పనికొస్తుంది, పట్టుకెళ్లండి" అని అంతా ఇచ్చేశారు.

మొదటి రోజు పండగే. విమానం లేచింది, లేచీ లేవగానే పడింది. మళ్లీ ఎగరాలంటే రిమోట్ పైభాగంలో ఒక స్విచ్చి వేయాలి. పుల్లల దగ్గర ఉన్న వేళ్లను అక్కడిదాకా ఎత్తడం వాడివల్ల కాదు. వాడి మోచేతులు అప్పటికే కుర్చీ చేతుల మీదినుంచి లేవడం మానేశాయి. "అవ్వా" అని తల్లిని పిలిచాడు. మా అక్క వచ్చి వేసింది. మళ్లీ పడింది. "అవ్వా." మూత్రానికి పిలవాలి, దాహానికి పిలవాలి, వీపు దురద పెడితే పిలవాలి. ఆటకు కూడా పిలవాలా? నాలుగోసారో అయిదోసారో పడ్డాక వాడు పిలవలేదు. "బస్ ఇగ" అని రిమోట్ మీదినుంచి చేతులు జార్చేశాడు. నేనక్కడే ఉన్నాను. వాడి ముఖం చూసి లేచి బయటికి వచ్చేశాను.

మర్నాడు బావ రిమోట్ విప్పాడు. మా అక్క నెత్తి కొట్టుకుంది. "ఒకరిచ్చిన వస్తువును ఇప్పుతవా? ఖరాబైతే?"

"వాడు ఎవర్ని పిలువకుంట ఎగరాలె రాజీ" అన్నాడు. "వాని ఒక్క ఏలు ఆడుతున్నా సరే, నేను ఆ ఏలి కింద బటన్ పెడుత. గంతే."

మా బావ అంత పొడుగు మాట మాట్లాడటం నేను అరుదుగా విన్నాను. దానికే ఆయన ఆ తర్వాతి ఏళ్లన్నీ కట్టుబడ్డాడు.

గనిలో పిడికిలంత బోల్టులతో పనిచేసిన చేతులు. ఆ రిమోట్‌లో వైర్లేమో వెంట్రుకల్లా ఉన్నాయి. మొదటిసారి టంకం పెడుతూ రెండు వైర్లు కలిపేశాడు, తెర మీద విమానం బోర్లా పడుకుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టైందని నేను ఎగతాళి చేశాను. మల్లేష్ పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు కోసం ఆయన కావాలనే తప్పు చేశాడేమోనని తర్వాత అనుకున్నాను. కొన్నాళ్లకు సాధించాడు. పైనున్న స్విచ్చులను ఊడబీకి, వైర్లు పొడుగు చేసి, పుల్లల పక్కనే వేలికి అందేచోట పాత మౌస్‌లోని బటన్లు బిగించాడు. నొక్కితే చాలు, విమానం మళ్లీ మైదానం మీద నిలబడేది. ఆ సాయంత్రం వాడు ఎన్నిసార్లు పడ్డాడో, ఎన్నిసార్లు లేచాడో. ఒక్కసారి కూడా పిలవలేదు. మా అక్క వంటింట్లో గిన్నెలు తోముతూ, పిలుపు రానందుకు ఏడ్చింది.

కానీ జబ్బు కూడా తన పని తాను చేసుకుపోతోంది. ఎడమ చెయ్యి ఇంజన్ పుల్లను ముందుకు తోయలేకపోయింది. బావ మళ్లీ విప్పాడు. పుల్ల తీసేసి దాని బదులు ఒక బటన్ పెట్టాడు. నొక్కి పట్టుకుంటే విమానం ఇంజన్ నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. ఆయన చేతుల నుంచి అంతకన్నా వేరే రకంగా ఎలా వస్తుంది? చెయ్యి తీస్తే ఆగాలి. అదే భద్రత. ఆయన బతుకంతా నమ్మింది అదే. ఎంతో మురిసిపోయి నాకు కబురు పెట్టాడు, వచ్చి చూడమని.

వెళ్లి చూశాను. విమానం బాగానే లేచింది. కాసేపటికి గాల్లో ఇంజన్ చప్పుడు ఆగింది, ముక్కు కిందికి వాలింది, పడింది. మళ్లీ లేచింది, మళ్లీ అంతే. "ఏలు అలుస్తున్నది" అన్నాడు బావ. బటన్ కింది స్ప్రింగును మెత్తది వేశాడు. మరుసటి వారం ఇంకా మెత్తది. అయినా పడుతూనే ఉంది. ఊదితే నొక్కుకుపోయేంత మెత్తది వేసినా పడింది. అప్పుడు చూశాను బావ ముఖం. వేళ్ల దాకా వచ్చేసిందని, జబ్బు తనకన్నా జోరుగా పోతోందని ఆయన లోలోపల కుంగిపోయాడు. డ్యూటీకి వెళ్లేవాడు, వచ్చేవాడు, గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఒంటరిగా నాగపూర్ వెళ్లి డాక్టరును మళ్లీ అడిగి వచ్చాడు.

రావు గారికి నాసిక్ బదిలీ అయింది. వెళ్లేముందు వాణ్ణి చూసి పోదామని ఇంటికి వచ్చారు. వాడి పక్కన కూర్చుని ఆట చూశారు. రెండుసార్లు పడ్డాక ఆ బటన్‌ను తన వేలితో నొక్కి వదిలి చూసుకుని, "ఏవండీ సమ్మన్న గారూ, వదిలితే ఆగిపోయేటట్టు పెట్టారేంటండీ?" అన్నారు.

"అవ్ సార్. సేఫ్టీ. చెయ్యి తీస్తె ఆగాలె గద."

"బండి అయితే ఆగుద్దండీ. ఇది గాల్లో ఉంది. గాల్లో ఆగితే పడిపోద్ది."

బావ ఆ బటన్‌ను తన వేలితో నొక్కి వదిలి చూశాడు. అంత చిన్న సంగతి. నేల కింద ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషికి ఆగడమంటే క్షేమం తప్ప ఇంకోటి తోచలేదు. నాకు మాత్రం తోచిందా? నేను రైల్వేవాణ్ణి, నాకూ ఆగిన బండే మంచి బండి. మేం ఇద్దరం కలిసి వాడి వేలిని నిందించాం.

రావు గారు వెళ్లాక నేను మల్లేష్‌ను పట్టుకున్నాను. "నీకు తెలువదారా? ఇన్ని దినాలు పడుకుంట లేసుకుంట ఉన్నవ్, బటన్ తప్పున్నదని చెప్పొద్దా?"

"తెలుసు మామా."

"మరి?"

వాడు తెర వైపే చూస్తూ అన్నాడు. "బాపు మస్తు ఖుష్ ఉండె. ఎట్ల చెప్పాలె?"

తండ్రి బాధపడకూడదని కొడుకు పడుతూ లేస్తూ ఉన్నాడు. కొడుకు వేళ్లు పోతున్నాయని తండ్రి చస్తూ బతుకుతూ ఉన్నాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. ఆ ఇంట్లో మాటలన్నీ మా అక్కే మాట్లాడి అవగొట్టిందేమో.

రావు గారు వెళుతూ ఒక ఉపాయం చెప్పి పోయారు. ఒకసారి నొక్కితే ఇంజన్ నడుస్తూనే ఉండాలి, మళ్లీ నొక్కితేనే ఆగాలి. రెక్కను ఒకవైపుకు రవ్వంత వంపు పెట్టి ఉంచితే చెయ్యి పూర్తిగా తీసేసినా విమానం పడదు, ఒకే ఎత్తులో గుండ్రంగా చక్కర్లు కొడుతూ ఉంటుంది. అలసిపోతే వేళ్లు వదిలేసి విశ్రాంతి తీసుకోవచ్చు, బలం వచ్చాక మళ్లీ అందుకోవచ్చు. గాల్లో క్షేమం అంటే అది.

ఆ బటన్ మార్చడానికి బావకు చాలా రోజులు పట్టింది. పని కష్టమై కాదు. పేచ్‌కస్ తీసేవాడు, చూసేవాడు, మళ్లీ పెట్టేసేవాడు. "చెయ్యి తీసినంక గుడ నడుసుడంటె నాకు భయమైతది హన్మంతూ" అన్నాడు నాతో. "ఆటే గద బావా, టబ్బులా ఏమన్ననా?" అన్నాను. చివరికి చేశాడు.

ఆ తర్వాతి ఏడాది మల్లేష్ బతికిన మంచి ఏడాది. వాడికి మీసాలు మొలుస్తున్న వయసు. తెర మీద విమానం పల్టీలు కొట్టేది, తలకిందులుగా పోయేది, ఈకలా దిగేది. అలిసినప్పుడు వేళ్లు వదిలేసేవాడు. అది పైన తిరుగుతూ ఉండేది, వాడు కళ్లు మూసుకుని ఊపిరి కూడగట్టుకునేవాడు, మళ్లీ అందుకునేవాడు. ఎగరేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నేను కావాలనే వేధించేవాణ్ణి. "ఏంది పైలట్ సాబ్, టికెట్ ఎంత?" అంటే, "థాంబ్ మామా" అనేవాడు, ఆగమని. వాడి నోట మరాఠీ అట్లా వచ్చేది, బడిలో చదివింది అదే కదా.

కానీ ప్రతి కొన్ని నెలలకూ రిమోట్ మళ్లీ నేల మీద విప్పి ఉండేది. చక్రాలు ముడిచే బటన్ ముందు పోయింది. "అది లేకున్నా ఎగురొచ్చు" అన్నాడు మల్లేష్. తర్వాత తోక తిప్పే పుల్ల పోయింది. "అది గుడ అక్కెరలేదు బాపూ." బావ రిమోట్ డబ్బా పూర్తిగా తీసేసి, కుర్చీ చేతుల మీద ఒక పలక వేసి, దాని మీదే మిగిలినవి పరిచాడు. ఎడమ చెయ్యి ఒడిలోకి చేరింది. చివరికి కుడిచేతి బొటనవేలి కింద అగ్గిపుల్లంత పుల్ల, చూపుడువేలి కింద ఒక బటన్, అంతే మిగిలాయి. డాక్టరు దగ్గరికి పోనక్కర్లేదు, ఆ పలకను చూస్తే చాలు, వాడి ఒంట్లో ఇంకా ఏం మిగిలిందో తెలిసిపోయేది. నేను మాజ్రి నుంచి వచ్చినప్పుడల్లా ముందు వాడి ముఖం కాదు, పలకే చూసేవాణ్ణి. చూసి, పైకి ఏదో జోకు వేసేవాణ్ణి. లోపల మాత్రం దేవుణ్ణి నోటికొచ్చిన బూతులు తిట్టేవాణ్ణి.

ఒకసారి బావ పలక ముందు గొంతుక్కూర్చుని అన్నాడు. "ఇగ తీసేటందుకు ఏం లేదు హన్మంతూ."

ఆ చలికాలం వాడికి ఛాతీలో నిమ్ము చేసింది. ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. గుండె కూడా బలహీనమైందని చెప్పి పంపారు. ఇంటికి వచ్చాక వాడు అడిగింది విమానమే.

ఆదివారం మధ్యాహ్నం. నేను సంత్రాలు, అంటే కమలాపండ్లు, తీసుకుని వెళ్లాను. అన్నాలయ్యాయి. మల్లేష్ కుర్చీని తెర ముందుకు తిప్పి, పలక వేసి, వేళ్లను వాటి చోట్లలో పెట్టాడు బావ. విమానం లేచింది. మేమిద్దరం వెనకాల మంచం మీద కూర్చుని సంత్రాలు ఒలుచుకుంటూ మాటల్లో పడ్డాం. గనిలో మనుషులను తగ్గిస్తారని, కొందరిని పైనుంచే తవ్వే ఓపెన్ కాస్ట్ గనికి పంపుతారని అప్పుడు అందరూ చెప్పుకునేవారు. మాకు కనిపించేది వాడి తల వెనకభాగం, దాని మీదుగా తెర. తెర మీద నీలం ఆకాశంలో విమానం చక్కర్లు కొడుతోంది.

"చూసినవా?" అన్నాడు బావ. "ఎంత సాఫ్ తిప్పుతుండు. ఒక్కటే ఎత్తు, ఒక్కటే గుండ్రం. నిన్న గింత మంచిగ తిప్పలే."

నిజంగానే చూడముచ్చటగా ఉంది. పొలాల మీదుగా పోయేది, చెట్ల వెనకనుంచి వచ్చేది, మళ్లీ పోయేది. నాకు నోరు ఊరుకోదు కదా. "ఏందిరా మల్లిగా, దిగవా ఇగ? పెట్రోలు ఫుకట్‌ది అనా?" అన్నాను.

వాడు పలకలేదు. బావ నన్ను మోచేత్తో పొడిచాడు. "ఎగరేటప్పుడు మాట్లాడియ్యకు. మనసు పోతది."

నేను నోరు మూసుకున్నాను. ఇద్దరం చాలాసేపు చూశాం. మధ్యలో బావ ఒకటి రెండుసార్లు "శాబాష్" అని మెల్లగా అన్నాడు, వాడికి వినపడీ వినపడనట్టు.

మా అక్క టీ తెచ్చింది. వాడి గ్లాసులో ఎప్పటిలాగే పీల్చే గొట్టం వేసి తెచ్చింది. "మల్లీ, నోరు తెరువు బిడ్డా" అని ముందుకు వంగింది. అలాగే ఆగింది. గ్లాసును బల్ల మీద పెట్టింది. అరచెయ్యి వాడి చెంప మీద వేసింది. తర్వాత మా వైపు తిరిగింది.

"ఎప్పటిసంది గిట్లున్నడు?" అంది.

మేమిద్దరం లేచి నిలబడ్డాం. మా చేతుల్లో సంత్రా తొనలు ఉన్నాయి.

"మిమ్ములనే అడుగుతున్న. ఎప్పటిసంది?"

మా ఇద్దరికీ తెలియదు. వాడి బొటనవేలు పుల్ల పక్కకు జారి ఉంది. తెర మీద విమానం తిరుగుతూనే ఉంది. మా అక్క అరుపుకు ఇరుగుపొరుగు వచ్చారు, మనుషులు నిండారు, ఎవరో వాణ్ణి మంచం మీదికి మార్చారు, అప్పటికీ తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపడానికి బావ చెయ్యి రాలేదు. చివరికి పక్కింటి ఆగమ్మ వచ్చి గోడ దగ్గర ప్లగ్గు పీకేసింది.

వాడు ఎవరినీ పిలవకుండా ఎగరాలని కదా ఆయన అంత పాటుపడింది. వాడు ఎవరినీ పిలవలేదు.

దినాలైపోయాక చుట్టాలందరూ వెళ్లిపోయారు. బావ డ్యూటీకి వెళ్లడం మొదలుపెట్టాడు. నేను ఒకరోజు సెలవు పెట్టుకుని వెళ్లి గని గేటు బయట టీ బండి దగ్గర ఆయన కోసం నిలబడ్డాను. షిఫ్టు దిగి వచ్చాడు. ముఖం మీద బొగ్గు కడుక్కోలేదు. ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం.

"మొదటి లెక్కనే ఉంచుంటె?" అన్నాడు.

"ఏంది బావా?"

"బటన్. నొక్కి పట్టుకుంటెనే నడిసేది. గట్లనే ఉంచుంటె, వాని ఏలు జారంగనే విమానం పడుతుండె. నాకు కనవడుతుండె."

నేను డాక్టరుతో మాట్లాడే వెళ్లాను. గుండె ఒక్కసారిగా ఆగి ఉంటుందని, పక్కనే డాక్టరున్నా చేసేది ఏమీ ఉండేది కాదని ఆయన చెప్పాడు. అదంతా బావకు చెప్పాను. ఆయన చేతిలో ఏమీ లేదని చెప్పాను. బతికించగలిగేవాడు కాదని ఒకటికి రెండుసార్లు చెప్పాను.

ఆయన తల ఊపాడు. అన్నీ విన్నట్టే ఊపాడు.

"బతికిచ్చేటోణ్ణి అంటలేను హన్మంతూ" అన్నాడు. "మంచం మీదినుంచి లేసి, పోయి వాని పక్కకు కూసునేటోణ్ణి అంటున్న."